అరచేతంత కిటికీ

సైన్సు నవల టీవీకి వెళ్లి తిరిగొస్తే కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. మధురానగర్‌లో ఉండే రచయిత్రి శ్యామలాదేవి గారి మొదటి నవలకు పట్టిన గతి అదే. అంతరిక్షనౌకలో పూజగది వెలిసింది, అత్తగారొకావిడ దిగింది, గురుత్వాకర్షణ మాత్రం ఏ ఎపిసోడ్‌లోనూ కనిపించలేదు. పాపం, ఆవిడ ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. రెండో నవలను వెబ్ సిరీస్‌కి ఇచ్చారు గానీ, షూటింగుకి మాత్రం రానని ముందే చెప్పేశారు.

ఆ నవలను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన మనిషి సెట్లో ఒక్కడే ఉన్నాడు. పేరు ఓదెలు, పని వడ్రంగం. ముప్పై ఏళ్లుగా ఫిల్మ్ నగర్‌లో సెట్లు కడుతున్నాడు. అందరూ డ్రాయింగు చూసి రంపం పడితే, ఈయన కథ చదివి పడతాడు. తోటివాళ్లు వేళాకోళం చేస్తారు. చేసుకోనీ, నాకైతే అలాంటి మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

నవలలో, నౌకలో మిగిలిన ఇద్దరికీ అస్సలు పడదు. భూమి కనిపించే కిటికీ ఒక్కటే, అదీ అరచేతంత. ఒకరు చూస్తుంటే రెండోవాళ్లు ఆగాలి. ఆ వంతుల దగ్గరే వాళ్లకు మాటలు కలుస్తాయి. సెట్టు కోసం ఇచ్చిన డ్రాయింగులో చూస్తే గోడంతా అద్దమే.

ఓదెలు దర్శకుడు కమలాకర్ దగ్గరికి వెళ్లాడు.

"సార్, గింత పెద్ద కిటికీ పెడితే ఇద్దరూ ఒక్కసారే చూస్తరు. ఇగ కథ ఏడుంటది?"

సిరీస్‌కి డబ్బు పెట్టినవాళ్లు పెద్దదే అడిగారని, తన చేతుల్లో లేదని కమలాకర్ నచ్చజెప్పి పంపేశాడు.

ఓదెలు అద్దం గోడను చెప్పినట్టే, ఏ లోటూ లేకుండా కట్టాడు. తర్వాత మిగిలిన ప్లైవుడ్డుతో అదే కొలతలో ఇంకో గోడ కట్టి, చిన్న కిటికీ కోసి, గుడ్డ కప్పి సెట్టు వెనక నిలబెట్టాడు. కంపెనీ చెక్కతో సొంత తెలివి చూపించాడని తెలిస్తే ఆ పూటే పనిలోంచి తీసేస్తారు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

షూటింగు రోజున అద్దంలో భూమి తప్ప అన్నీ కనిపించాయి. లైట్లు, కెమెరా, టీ గ్లాసులు మోస్తున్న ప్రొడక్షన్ మనిషి. అద్దాన్ని వంచారు, దాని మీద స్ప్రే కొట్టారు. మధ్యాహ్నమైనా ఒక్క షాటు రాలేదు. కమలాకర్ తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు ఓదెలు వెళ్లి తను చేసిన పని ఒప్పుకుని, గుడ్డ తీసి చూపించాడు. కమలాకర్ ఆ చిన్న కిటికీ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. తర్వాత గోడ మార్చమన్నాడు.

సీను మొదటి టేకులోనే ఓకే అయింది. ఆ సాయంత్రమే కమలాకర్ శ్యామలాదేవి గారికి ఫోన్ చేసి, జరిగిందంతా ఓదెలు చలవేనని చెప్పాడు.

మర్నాడు ఆవిడ ఆటోలో వచ్చి, వంగి కిటికీకి కన్ను ఆనించారు. అవతల నల్లగుడ్డ ముందు దారానికి కట్టిన నీలి పూస, దాని మీద సన్నని వెలుగు. ఎంతసేపటికీ కదలకపోయేసరికి ఏం తప్పు దొరికిందోనని ఓదెలుకు గుబులు పట్టుకుంది.

ఆవిడ కళ్లు తుడుచుకుని పక్కకు జరిగారు.

"ఇప్పుడు మీ వంతండీ, ఓదెలు గారూ."

అది నవలలోని మాటే. ముప్పై ఏళ్లుగా సెట్టు వెనకే నిలబడ్డ మనిషి ముందుకొచ్చి వంగి చూశాడు. పూస కట్టింది తనే అయినా, ఆయనకు భూమే కనిపించింది.