రెక్క సమానంగానే ఉందన్నాను

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్ళకు చెబితే నవ్వుతారు; నేనేం చెప్పినా నవ్వడం వాళ్ళకు అలవాటు చేసింది నేనే. చాలా ఏళ్ళుగా దీన్ని లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. పెద్ద బరువేం కాదు, ఒక్క మాటంత. దింపడానికే జాగా దొరకలేదు.

మహబూబ్‌నగర్‌లో కాలేజీ చదివే రోజుల్లో నేనూ నర్సింలూ ఒకే గదిలో కిరాయికి ఉండేవాళ్ళం. అది వాడి అసలు పేరు కాదు. నారాయణపేటలో మగ్గం నేసే ఇంటివాడు. నా జోకులకు కాలేజీ అంతా నవ్వేది, వాడు నవ్వేవాడు కాదు. కాబట్టి వాడి దగ్గర నాకు నవ్వించే పని లేదు, ఊరికే కూర్చోవచ్చు. అలా కూర్చోగల చోటు నాకు ఇంకొకటి ఉండేది కాదు. దేవరకొండ దగ్గర మా ఇంట్లో, అమ్మ పోయాక, సెలవులకు వెళితే చుట్టానికి చేసినట్టు మర్యాద చేసేవారు. మర్యాదకు వంక పెట్టలేం కదా.

వాడు ఒక చిన్న విమానం తయారుచేస్తున్నాడు. దాని రెక్క బారెడు. మా ఫిజిక్సు లెక్చరరు గారు బుల్లి ఇంజను ఇచ్చారు. మిలిటరీవాళ్ళు వదిలించుకున్న సామానులోంచి ఏరిన ముక్కలతో రేడియో వాడే అతికాడు. నేల మీద నిలబడి, చేతిలోని పెట్టె మీద మీట నొక్కితే పైన విమానం తోక తిరగాలి. ఒకసారి నొక్కితే ఎడమకు, మళ్ళీ నొక్కితే కుడికి. అంతకుమించి దానికి ఏ విద్యా రాదు.

రెక్క మీద కప్పడానికి వాళ్ళమ్మ పట్టుబట్ట పంపింది. చీర నేయగా మిగిలిన ముక్క, ఎర్రటి అంచుతో సహా. ఆ అంచు కత్తిరించేస్తే ఈ కథ ఉండేది కాదు. నేతింటివాడు అంచు కత్తిరిస్తాడా? అలాగే అతికించాడు. పైన పూసిన వార్నిషు ఆరేటప్పుడు బట్ట బిగిసి, అంచు ఏటవాలుగా లాక్కుపోయింది. ఇక రెక్కను ఎంత సరిగ్గా పెట్టినా కంటికి వంకరగానే కనిపించేది.

ఆ రెక్కను మేకులతో బిగించరు. విమానం వీపు మీద పెట్టి, సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలతో కడతారు. కింద పడితే పట్టీలు జారి రెక్క ఊడిపోతుంది, విరగదు. కట్టేటప్పుడు మాత్రం అది ఏ పక్కకూ తిరిగి ఉండకూడదు. తోక కొస నుంచి రెక్క రెండు కొసలకూ దారం పట్టి, రెండు వైపులా ఒకే పొడవు వస్తోందో లేదో చూడాలి. వాడు రెక్క పట్టుకునేవాడు. నేను దారం పట్టేవాణ్ణి.

లెక్చరరు గారి మిత్రుడొకాయన విమానాల కార్ఖానాలో ఇంజనీరు. వచ్చి చూస్తాననీ, విమానం చెప్పినట్టు తిరిగితే నర్సింలును బెంగుళూరులో పనిలోకి తీసుకుంటాననీ కబురు పంపాడు. వాడు అప్పుడే పెట్టె సర్దుకున్నాడు. గదిలో వాడి వైపు గోడ ఖాళీ అయింది. ఆ గోడ మీద నేనొక జోకు కూడా వేశాను. ఏం జోకో గుర్తులేదు. గోడ గుర్తుంది.

ఇంజనీరు వచ్చిన రోజు కాలేజీ వరండాలో రెక్క కట్టాం.

"గీ అంచు కంటికి ఎప్పుడూ వంకరనే కొడ్తది. దారం ఏమంటాంది రా?" అన్నాడు.

కుడివైపు వేలెడు ఎక్కువ వచ్చింది. అనుమానం లేదు, వేలెడు.

"సమానంగనే ఉన్నది" అన్నాను.

"మంచిగ చూసినవా? జర మళ్ళ పట్టు."

"ఎన్నిసార్లు పట్టాలె బే? దీనికేమన్న రైక కుట్టిస్తున్నమా? ఉన్నది, కట్టు."

వాడు నవ్వాడు. నా మాటకు వాడు నవ్వడం అదే మొదటిసారి. నవ్వుతూనే పట్టీలు కట్టేశాడు.

ఎందుకు అన్నాను? కాస్త వంకరగా ఎగిరితే అందరం నవ్వుకుంటాం, అంతే కదా అనుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. మంచి సమాధానమే, ఒక్క లోపం తప్ప: అది అబద్ధం. వాడు పోకూడదనుకున్నాను. ఉండిపో అని అడగడం నాకు రాలేదు. అడిగితే జోకు అనుకుంటాడని భయం. అడిగి ఉంటే ఏమనేవాడు? తెలియదు. తెలుసుకునే వీలు నేనే లేకుండా చేసుకున్నాను.

విమానం లేచింది. కొంతదూరం బాగానే పోయి ఒక పక్కకు వాలడం మొదలుపెట్టింది. నర్సింలు మీట నొక్కాడు. తోక తిరిగింది. నేను చూశాను, తిరిగింది. రెక్క లాగుడు ముందు దాని బలం చాలలేదు. వాడు నొక్కుతూనే ఉన్నాడు. విమానం చుట్లు తిరుగుతూ వచ్చి మొరంనేల మీద పడింది. పట్టీలు జారి రెక్క అంత దూరాన పడింది, చెక్కుచెదరకుండా. అది ఎలా కట్టి ఉందో ఇక ఎవరూ చూడలేరు. నేరానికి ఇంత శుభ్రమైన ఏర్పాటు నేను కూడా ఊహించలేదు.

ఇంజనీరు ఏమైందని అడిగాడు. "రేడియోల నా అతుకే కచ్చాగున్నట్టున్నది సార్" అన్నాడు నర్సింలు. చెయ్యి ఇంకా కుదరాలయ్యా అని వాడి భుజం తట్టి, ఆయన వెళ్ళిపోయాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది.

నేను కోరింది దొరికింది. వాడు ఎక్కడికీ పోలేదు. పరీక్షలదాకా అదే గదిలో ఉన్నాడు. గోడ వైపు తిరిగి చదువుకునేవాడు. నేను మాట్లాడితే సమాధానం చెప్పేవాడు. ఒకే గదిలో ఇద్దరం ఉండి, ఇద్దరం ఒంటరిగా ఉండవచ్చని అప్పుడు తెలిసింది.

కొన్నేళ్ళ తర్వాత చెప్పేద్దామని నారాయణపేట వెళ్ళాను. వాడు బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. ఇంట్లో రేడియో మూగపోతే, బాగుచేయించడానికి జడ్చర్ల పంపాలని గుడ్డలో చుట్టి పెట్టాడు. నువ్వే విప్పి చూడరాదా అన్నాను. "నా చేతికి గసొంటియి రావు" అన్నాడు, తన ఎత్తెంతో చెప్పినంత మామూలుగా. నేను చాయ్ తాగాను. ఏదో జోకు వేశాను. సాయంత్రం బస్సెక్కాను.

ఇది వాడికి చెప్పవలసిన మాట. మీకు చెబుతున్నాను, ఇందులోనూ పిరికితనం ఉందని నాకు తెలుసు. వాడి రేడియో బాగానే పనిచేసింది. వాడి చేతిలో ఏ లోపమూ లేదు. విమానాన్ని పడగొట్టింది నేను. మొదటిసారి ఈ మాటలు బయట, కాగితం మీద, నా కళ్ళ ముందు ఉన్నాయి. ఊపిరి కొంచెం ఆడుతోంది.