బతుకమ్మ జాగాలో కానుగ మొక్కలు

మొన్న ఆదివారం పొద్దున అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే, ఒకేరకం ఆకుపచ్చ టీషర్టులు వేసుకున్న పిల్లలు ఓ గుంపుగా ఎదురయ్యారు. ఒక్కొక్కరి చేతిలో నల్ల ప్లాస్టిక్ సంచిలో ఒక్కో మొక్క. అందరూ ఒకే ఆఫీసువాళ్ళట, ఏదో ఊళ్ళో మొక్కలు నాటడానికి బయల్దేరారట. "ఆంటీ, ఒక్క ఫొటో తీస్తారా?" అని ఓ అమ్మాయి ఫోను నా చేతిలో పెట్టింది. తీశాను. ఫోను తిరిగిస్తూ, "ఆ ఊళ్ళో ఆడవాళ్ళని అడిగారా తల్లీ, ఎక్కడ నాటాలో?" అనబోయి ఆగిపోయాను. పొద్దున్నే పిల్లల ఉత్సాహం మీద నీళ్ళు చల్లడం ఎందుకు? వాళ్ళు నవ్వుకుంటూ బస్సెక్కారు, నేను కూరలు కొనుక్కుని ఇంటికొచ్చాను. కానీ ఆ ప్రశ్న మాత్రం రోజంతా నన్ను వదల్లేదు.

మేం కాపురం పెట్టిన కొత్తలో అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే. కరెంటు స్తంభాన్ని కూడా వదిలేవారు కాదు. టిఫిన్ బండి దగ్గర ఇడ్లీ తింటున్నవాణ్ణి కదిపినా జావా గురించే మాట్లాడేవాడు. మా ఆయన అలాంటి ఇన్‌స్టిట్యూట్ ఒకదాంట్లో పాఠాలు చెప్పేవారు, పొద్దున చీకటితో వెళ్తే రాత్రికి గొంతు పోగొట్టుకుని వచ్చేవారు. పంజాగుట్ట వైపు వెళ్ళే సందులో ఓ రెండంతస్తుల ఇంట్లో మాదొక వాటా. కింద వాటాలో ఇంటివాళ్ళు ఉండేవారు. ఇంటావిడని మేమంతా ఓనరాంటీ అనేవాళ్ళం. ఆవిడది నగరం దాటాక బస్సులో గంటన్నర ప్రయాణం చేస్తే వచ్చే ఓ చిన్న ఊరు. గట్టి మనిషి, గట్టి గొంతు. ఇల్లు భర్త పేరు మీద ఉండేది గానీ, నీళ్ళ మోటారు స్విచ్చి ఆవిడ చేతిలో ఉండేది. అంచేత అసలు ఓనరు ఎవరన్న విషయంలో అద్దెకున్న వాళ్ళెవరికీ అనుమానం ఉండేది కాదు.

మా పక్క వాటాలో ఉండే బాబాయిగారు నాకు వరసకి బాబాయి కారు. మా గుంటూరు వైపు మనిషి కావడంతో అలా పిలవడం అలవాటైంది. ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఖాళీగా కూర్చోవడం ఆయనకి చేతకాదు. ఖాళీగా ఉన్న మనిషిని చూసినా, ఖాళీగా ఉన్న స్థలాన్ని చూసినా ఆయనకి చేతులు దురదపెట్టేవి. పిన్నిగారి పచ్చడి జాడీలను ఎత్తుల ప్రకారం సర్దిపెడితే, ఆవకాయ అనుకుని మాగాయ వడ్డించి ఆవిడ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఇలా ఇంట్లో చేయడానికి పనేమీ మిగలకపోవడంతో ఆయన దృష్టి దేశం మీద పడింది. అప్పట్లో ఊళ్ళను దత్తత తీసుకోవడం ఓ మోజు. "మనం కూడా ఏదో ఒక ఊరికి పనికొద్దామమ్మా, ఆదివారాలు నిద్రపోయి ఏం బావుకుంటాం?" అని సందంతా తిరిగి జనాన్ని పోగుచేశారు. ఏ ఊరన్న ప్రశ్న వచ్చేసరికి, "మా తల్లిగారూరు ఉన్నది గదా సార్" అని ఓనరాంటీ ముందుకొచ్చారు. పుట్టిల్లు అని మేమనేదాన్ని ఆవిడ తల్లిగారిల్లు అనేవారు, అమ్మని అవ్వ అనేవారు.

అలా మొదలైంది మా ఆదివారం సేవ. పొద్దున్నే పంజాగుట్ట చౌరస్తాలో మాట్లాడుకున్న వ్యానెక్కేవాళ్ళం. చీపుర్లు, సున్నం బకెట్లు, పిన్నిగారి పులిహోర డబ్బా, ఓనరాంటీ జొన్నరొట్టెల మూట, అన్నిటి మీదా మేము. బడి గోడలకి సున్నం వేశాం. మోరీల్లో మురుగు పూడిక తీశాం. సోమాజిగూడ నుంచి ఓ డాక్టరుగారిని బతిమాలి తీసుకెళ్ళి వైద్య శిబిరం పెడితే, ఊరు ఊరంతా వచ్చి ఒంట్లో నలత లేకపోయినా చెయ్యి చాచి కూర్చుంది. మా సాయం వాళ్ళకెంత పనికొచ్చిందో చెప్పలేను గానీ, ఓనరాంటీ మాత్రం ఆ ఊళ్ళో తల ఎత్తుకుని తిరిగేవారు. "మా బిడ్డ పట్నం నుంచి మందిని తోలుకొచ్చింది" అని ముసలమ్మలు గడపల్లో నిలబడి చెప్పుకుంటుంటే ఆవిడ నడకే మారిపోయేది.

ఓ వానాకాలం ఆదివారం బంధువుల ఇంట్లో ఎవరో పోయారని ఓనరాంటీ మాతో రాలేదు. ఊరి చివర, బడికి అవతల, చదునుగా విశాలమైన ఖాళీ స్థలం ఉంది. ఒక చెట్టు లేదు, ఒక గుంజ లేదు. చూడగానే బాబాయిగారి చేతులకి దురద మొదలైంది. అక్కడ మాకు దారి చూపించేది ఓనరాంటీ తమ్ముడు. "ఏవండీ, ఇక్కడ మొక్కలు పెడదామా?" అని బాబాయిగారు ఆయన్నే అడిగారు. ఆయన తల గోక్కుని, "మీరు పెద్దోళ్ళు సార్. మీరు చెప్పినంక మేమేమంటం?" అన్నాడు. మా వైపు ఆ మాటంటే నిండు అంగీకారం అన్నమాట. ఆయన మర్యాద కొద్దీ అన్నాడని మాకు తట్టలేదు. ఆ స్థలం దేనికో ఆయనకీ ఆ క్షణాన తట్టలేదు, అది ఆడవాళ్ళ వ్యవహారం కదా. తట్టాల్సిన ఆడవాళ్ళేమో నాట్లకి పోయి పొలాల్లో ఉన్నారు. బాబాయిగారు తాడు పట్టించి, కాలవ తవ్వించినంత శ్రద్ధగా వరసలు గీయించి, ఆ మూల నుంచి ఈ మూలదాకా కానుగ మొక్కలు నాటించారు. మేకలు కొరక్కుండా ఒక్కోదాని చుట్టూ ముళ్ళకంప కూడా పెట్టించారు. సాయంత్రం వ్యానెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకుని, "ఇప్పుడు కళ వచ్చింది" అన్నారు.

ఆ తర్వాత వానలు పట్టుకుని మా ఆదివారం ప్రయాణాలు కొన్ని వారాలు ఆగిపోయాయి. ఖైరతాబాద్ వినాయకుడు నిమజ్జనానికి కదిలిన వారంలోనే ఓనరాంటీకి ఊరి నుంచి ఫోనొచ్చింది. తమ్ముడి భార్య. "వదినా, ఈసారి బతుకమ్మ యాడ ఆడాలె?" అని అడిగిందట. ఆవిడ మర్నాడే బస్సెక్కి వెళ్ళి చూసుకుని వచ్చారు. వచ్చినావిడ మాలో ఎవరితోనూ మాట్లాడలేదు. రెండు రోజులు మోటారు సమయానికి వెయ్యలేదు. సబ్బు నురగతో బాత్రూంలో ఇరుక్కుపోయిన మా ఆయన అక్కణ్ణుంచే కేక వేస్తే, "జర ఆగమను" అని మాత్రం జవాబు. సంగతేమిటో తమ్ముడి భార్య మళ్ళీ ఫోను చేసినప్పుడు కింద ఉన్న పిన్నిగారి చెవిన పడింది. బాబాయిగారి ముఖం పాలిపోయింది. నన్నూ పిన్నిగారినీ వెంటబెట్టుకుని కిందికి వెళ్ళారు.

ఓనరాంటీ చాటలో బియ్యం ఏరుతున్నారు. తల ఎత్తలేదు. "తప్పు జరిగిందమ్మా. ఖాళీ స్థలం కదా అనుకున్నాను" అన్నారు బాబాయిగారు. "ఖాళీ ఉంటెనే గదా సార్ ఆడేది" అన్నారావిడ. తర్వాత చాట పక్కన పెట్టి చెప్పారు. "మా అవ్వ పోయింది, నాయిన పోయిండు. ఇల్లు తమ్ముళ్ళదైంది. గా ఇంటికి నేనిప్పుడు సుట్టం లెక్కనే పోత, సుట్టం లెక్కనే వస్త. ఊర్ల నాదంటూ మిగిలింది గా జాగ ఒక్కటే. మా అవ్వ ఆడినకాడ ఏడాదికొక్కసారి బతుకమ్మ వెట్టి ఆడితె, నేను సుత గీ ఊరి బిడ్డనే అనిపిస్తది. ఇప్పుడు గాడ కంప వెట్టిండ్రు. నేను తోలుకపోయినోళ్ళే వెట్టిండ్రు. ఏ మొకం వెట్టుకొని పోవాలె?" అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. అంత గట్టి మనిషి ఏడవడం అదే మొదటిసారి చూడటం. నాకు దుఃఖం ఆగలేదు. దసరా అంటే బొమ్మల కొలువే అనుకుంటూ పెరిగినదాన్ని. ఆడపిల్లకి ఊళ్ళో మిగిలే చోటు అంటూ ఒకటి ఉంటుందని ఆ రోజుదాకా నేను ఆలోచించనే లేదు.

బతుకమ్మ పండుగ మొదలయ్యేలోపు ఒక్క ఆదివారమే ఉంది. మేమంతా గడ్డపారలతో దిగిపోయాం. తీరా మొక్కలు పీకబోతే ఊరి ఆడవాళ్ళే అడ్డం పడ్డారు. "పానం వట్టిన చెట్లను పీకుతరా? పాపం గాదా?" అని ఓ ముసలమ్మ బాబాయిగారి చేతిలోంచి గడ్డపార లాక్కుంది. నాటినా తప్పే, పీకినా తప్పేనాయె! ఆయన నడిమధ్య నిలబడి దిక్కులు చూశారు. చివరికి, ఆట ఆడేంత మేర వదిలేసి, మధ్యలో మొక్కల్ని వేరుమట్టితో సహా తీసి అంచున నాటుదామని తేలింది. బాబాయిగారి ముఖం విప్పారింది. జేబులోంచి టేపు తీసి, "ఎంత వ్యాసం కావాలమ్మా?" అని అడిగారు. ఆడవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని ఘొల్లుమని నవ్వారు. "గదెట్ల తెలుస్తది సార్? ఆడితెనే తెలుస్తది" అన్నారు.

సరే, ఆడమన్నారు. కంప పక్కకి లాగి, బతుకమ్మకి బదులు మధ్యలో ఓ ఇత్తడి బిందె బోర్లించారు. మిట్టమధ్యాహ్నం, పండుగ రాకుండానే, చప్పట్లు చరుస్తూ ఊరి ఆడవాళ్ళు దాని చుట్టూ తిరిగారు. వాళ్ళ వెనక బాబాయిగారు, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, అడుగున చిల్లు పెట్టిన డబ్బాలోంచి ముగ్గు జారవిడుస్తూ, నడుం వంచుకుని తిరిగారు. పాట అయిపోతే వాళ్ళు ఇంకోటి అందుకునేవారు, ఆయన గీత ఇంకా కలవలేదు కదా మరి. "సారు సుత మస్తు ఆడుతుండు!" అని ఎవరో అన్నారు. అన్నాళ్ళుగా బిగదీసుకుని ఉన్న ఓనరాంటీ ఫక్కున నవ్వి, వెళ్ళి ఆ వలయంలో కలిశారు. గీత కలిసింది. దానికి బయట మళ్ళీ కొంచెం వదిలి ఇంకో గీత గీశారు బాబాయిగారు, రేపు కోడళ్ళు వస్తారు కదా అని. పొద్దువాలేసరికి కానుగ మొక్కలన్నీ ఆ గీత మీదికి చేరాయి. కొన్ని వాడిపోయాయి గానీ చాలావరకు బతికాయి.

పండుగ చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మా వాటాల ఆడవాళ్ళం కూడా వెళ్ళాం. అమీర్‌పేటలో చామంతులూ గులాబీలూ కొని మేం కట్టిన బతుకమ్మ సగం దారిలోనే ఓ పక్కకి ఒరిగింది. "గిదేంది, పానం బాగలేదా దీనికి?" అంటూ ఓనరాంటీ దాన్ని విప్పి, తంగేడు, గునుగు పువ్వులతో మళ్ళీ పేర్చి ఇచ్చారు. ముందుగా మధ్యలో దించింది ఆవిడ బతుకమ్మనే. ఆడబిడ్డ వచ్చిందని తమ్ముళ్ళ భార్యలు పక్కకి జరిగి చోటిచ్చారు. ఆ సాయంత్రం ఆవిడ ముఖం చూసి బాబాయిగారు దూరంగా నిలబడి కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

తర్వాత చాలా జరిగింది. నగరం పెరిగి ఆ ఊరి మీదికి వెళ్ళింది. తమ్ముళ్ళు పొలాలు అమ్మారు, ఆపైన ఇల్లు కూడా అమ్మారు. అంతా ప్లాట్లయింది, ప్లాట్ల మీద అపార్టుమెంట్లు లేచాయి. గుండ్రంగా పెరిగిన కానుగలు చూసి, పార్కు కింద చూపించుకోవచ్చని లేఅవుట్ వాళ్ళు ఆ జాగాని మాత్రం ముట్టుకోలేదు. బాబాయిగారి తప్పే దాన్ని కాపాడింది, ఆ సంగతి తెలియకుండానే ఆయన కన్నుమూశారు. మా సందులో ఇల్లు లేడీస్ హాస్టలైంది. ఓనరాంటీ శ్రీనగర్ కాలనీలో కొడుకు దగ్గర ఉంటున్నారు.

పోయినేడు సద్దులకి ముందు ఆవిడ ఫోన్ చేశారు. "బిడ్డా, మోకాళ్ళు పనిజేస్తలేవు. ఈ ఒక్కసారి జర నన్ను తోలుకపోతవా?" అని. తీసుకెళ్ళాను. కానుగల మీద రంగు దీపాలు, పెద్ద స్పీకర్లు, పట్టుచీరల్లో మెరిసిపోతున్న అమ్మాయిలు. అందులో ఆవిడ ఎరిగిన ముఖం ఒక్కటి లేదు. తాంబాలంలో బతుకమ్మ పెట్టుకుని అంచున నిలబడ్డారు, లోపలికి అడుగు పడలేదు. నాకు మనసు చివుక్కుమంది, అనవసరంగా తీసుకొచ్చానా అనుకున్నాను. ఇంతలో మా వైపు యాసలో ఓ అమ్మాయి వచ్చి పలకరించింది. "ఆంటీ, మీరు ఏ బ్లాకండీ?"

"ఏ బ్లాకు గాదమ్మా. నేను గీ ఊరి ఆడిబిడ్డను. మా అవ్వ నన్ను సంకల ఎత్తుకొని గీ జాగలనే ఆడింది" అన్నారు ఓనరాంటీ, ఆ పాత గట్టి గొంతుతోనే.

ఆ అమ్మాయి గబగబా వెళ్ళి స్పీకరు ఆపించి, "ముందు ఆంటీది పెట్టనివ్వండి" అని అందరికీ వినపడేలా చెప్పింది. వలయం విడిపోయి దారి ఇచ్చింది. ఆవిడ నా భుజం పట్టుకుని మెల్లగా నడిచి వెళ్ళి, నడిమధ్య బతుకమ్మను దించి, పాట అందుకున్నారు. ఆ పిల్లలు ఒక్కొక్కరే గొంతు కలిపారు. కాలం ఆవిడ దగ్గర్నుంచి అమ్మనీ నాన్ననీ, ఇంటినీ పొలాన్నీ, మోకాళ్ళ సత్తువనీ ఒక్కొక్కటిగా పట్టుకుపోయింది. ఆ జాగాని మాత్రం, ఏమనుకుందో ఏమో, ఆవిడకే వదిలిపెట్టింది.