వేగం అడిగితే మనిషిని తెమ్మనే తాత్యా

కొల్హాపూర్ ఉద్యమనగర్‌లో మెకానిక్ తాత్యా సుతార్‌కి ఉన్న పిచ్చి ఒక్కటే. బండి వేగం పెంచమని ఎవరొచ్చినా, తమకోసం ఇంట్లో ఎదురుచూసే మనిషిని వెంటబెట్టుకొస్తేగాని పానా ముట్టడు. రోజూ పొద్దున్నే అంబాబాయి అమ్మవారి దర్శనం చేసుకుని, నుదుట కుంకంతో తిరిగొచ్చి, షట్టరు ఎత్తగానే లోపలినుంచి ఒక చెక్క కుర్చీ బయటికి తెచ్చేవాడు. గ్రీజు గుడ్డతో కాదు, ఇంట్లో ఉతికి తెచ్చిన గుడ్డతో దాన్ని తుడిచేవాడు. మీద బొంత మడిచి పరిచేవాడు. ఆ తర్వాతే పనిముట్లు తీసేవాడు. అది ఎదురుచూసేవాళ్ళ కుర్చీ. తాత్యా తాను అందులో కూర్చోగా చూసినవాళ్ళు లేరు.

మామూలు రిపేరుకి ఈ నియమం లేదు. చైను సాగినా, బ్రేకు పట్టకపోయినా ఎవరైనా రావచ్చు. పెద్ద కార్బొరేటరు, లావు పిస్టను అన్నమాట వినబడితే మాత్రం కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "మనిషెక్కడ?" అనేవాడు.

ఘాట్గే వకీలు తన పాత జీపుకి కొత్త ఊపు తెప్పించాలని వచ్చాడు. పెళ్ళి చేసుకోని మనిషి.

"నాకెవరున్నారు తాత్యా? ఇంట్లో కుక్క ఒక్కటే."

"అది ఎదురుచూస్తుందా?"

"హారను వినబడితే గేటు దగ్గరికి పరిగెత్తుకొస్తుంది."

"మరి తీసుకురండి."

మర్నాడు కుక్క కుర్చీలో కూర్చుంది. తాత్యా దాని ముందు గొంతుక్కూర్చుని, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా కాసేపు పరీక్షగా చూశాడు. "చక్రాలకి అడ్డం వస్తుందా?"

"వస్తుంది, వెధవ."

"అయితే ముందు బ్రేకులు. ఇంజను సంగతి తర్వాత."

ఇంకోసారి బ్యాంకు గుమాస్తా ఒకాయన భార్యను తెచ్చాడు. ఆవిడ కుర్చీలో కూర్చోగానే, వెనక సీటు మీద తన నడుము ఎలా విరుగుతోందో అరగంట చెప్పింది. తాత్యా వెనక షాకబ్జార్బర్లు మెత్తనివి వేసి బండి ఇచ్చేశాడు. "నేను అడిగింది వేగం కదా," అని గుమాస్తా గొణిగితే, "మీరు అడిగారు, ఆవిడ చెప్పింది. నాకు ఆవిడ మాటే వినబడింది," అన్నాడు.

ఇదంతా తెలిసే, దిగ్విజయ్ సాలోఖే బండికి లావు పిస్టను వేయించుకోవడానికి జంకుతూ వచ్చాడు. లేతు మిషను మీద పనిచేసే కుర్రాడతను. గార్గోటీ వైపు పల్లె నుంచి ఒక్కడే వచ్చాడు, నా అన్నవాళ్ళు లేరు. ఆదివారం ఊరి బయట మట్టి ట్రాకు మీద రేసు. మొదటి ఆరుగురు పుణే పోటీకి వెళతారు. అతను రెండేళ్ళుగా ఏడోవాడు. ఈసారి కూడా తప్పితే బండి అమ్మేసి ఊరుకుందామని గట్టిగా అనుకున్నాడు.

"మనిషెక్కడ?" అన్నాడు తాత్యా.

"రేపు మా అమ్మని తెస్తాను," అనేశాడు దిగ్విజయ్.

తేవడానికి దొరికింది గదిని అద్దెకిచ్చిన గోదూతాయి ఒక్కతే. బండి చప్పుడు చెవిన పడితే చాలు, తిట్లు అందుకునే మనిషి.

"పావుగంట మా అమ్మనని చెప్పండి తాయీ. మీకు పుణ్యం ఉంటుంది."

"నీకు అమ్మనవ్వడానికి నేనేం పాపం చేశానురా దిగ్యా?" అంటూనే ఆవిడ ఉతికిన చీర కట్టుకుంది.

కుర్చీలో కుదురుకోగానే తాత్యా చేతులు జోడించాడు. "తమరి పేరు?"

"గోదావరి మానే."

దిగ్విజయ్ గట్టిగా దగ్గాడు.

"సాలోఖే," అందావిడ తొణక్కుండా. "మానే పుట్టింటిది."

"మీవాడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?"

"ఇప్పటిలాగే. ఆరేసిన బట్ట తీయడు. వానొచ్చినా తీయడు."

"వీడి బండి చప్పుడు ఎప్పుడైనా విన్నారా?"

"రోజూ వింటూనే ఉన్నాగా. మా గల్లీ మలుపులో గేరు తగ్గించినప్పుడు అది రెండుసార్లు దగ్గుతుంది. ఆ దగ్గు వినబడ్డాకే టీ పొయ్యిమీద పెడతాను. మొన్న మంగళవారం దగ్గు రాలేదు. గుమ్మంలో నిలబడిపోయాను, పాలన్నీ పొంగిపోయాయి. పంక్చరైందట. తోసుకుంటూ వచ్చాడు మహానుభావుడు."

తను పని నుంచి వచ్చేసరికి టీ వేడిగా ఎందుకుంటుందో దిగ్విజయ్ ఏనాడూ ఆలోచించలేదు. తాత్యా మాత్రం అప్పటికే నేలమీద బాసింపట్టు వేసుకున్నాడు.

"ఆ దగ్గు ఎన్నాళ్ళనుంచి తాయీ?"

"ఆ రాక్షసి సైలెన్సరు పెట్టిన దగ్గర్నుంచీ."

తాత్యా ముఖం వెలిగింది. "విన్నావట్రా? పొగ పోయే దారి పెద్దది చేశావు, పెట్రోలు వచ్చే దారి అలాగే వదిలేశావు. ఇంజను ఆకలితో దగ్గుతోంది. దానికి లావు పిస్టను వేస్తే ఇంకా ఆకలేస్తుంది, ట్రాకు మధ్యలో కూలబడుతుంది."

కార్బొరేటరులో పెట్రోలు వచ్చే జెట్టు ఒక్కటి పెద్దది వేశాడు. మట్టి పట్టిన ఎయిర్ ఫిల్టరు కడిగాడు, చైను సరిచేశాడు, బ్రేకు షూలు మార్చాడు. పిస్టను జోలికే పోలేదు. దిగ్విజయ్ ముఖం మాడ్చుకునే బండి తీసుకెళ్ళాడు.

ఆదివారం అతను అయిదోవాడిగా వచ్చాడు.

సోమవారం పొద్దున్నే కోవా పొట్లంతో షెడ్డుకి వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు. "తాత్యా, ఒక అబద్ధమాడాను. ఆవిడ మా అమ్మ కాదు."

"తెలుసు. మానే తాయిని ఎరగని వాళ్ళు ఈ ఊళ్ళో ఎవరురా? వాళ్ళాయన స్కూటరు నేనే చూసేవాణ్ణి."

"తెలిసీ బండి మీద చెయ్యి వేశారా?"

"అమ్మను తెమ్మని నేనెప్పుడన్నాను? ఎదురుచూసే మనిషిని తెమ్మన్నాను. నువ్వు తెచ్చావు. నీకు తెలియకుండా తెచ్చావు, అంతే. చాలామంది అంతే. తీసుకొస్తేగాని ఉన్నట్టు తెలియదు."

దిగ్విజయ్ కోవా పొట్లం అతని చేతిలో పెట్టాడు. తాత్యా కొంచెం విరిచి అమ్మవారిని తలుచుకుని నోట్లో వేసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"నాకో సాయం చెయ్యాలి దిగ్యా. నిపాణీ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు, ఫౌండ్రీలో చేరాడు. వేగం కావాలంటాడు. మనిషెక్కడంటే నిజంగానే ఎవరూ లేరు పాపం, అబద్ధమాడటం కూడా చేతకాదు. మీ వెనక గల్లీలోనే అతని గది. నువ్వు వచ్చి ఈ కుర్చీలో అతనికోసం కూర్చోవాలి."

"నేనా? అతనెవరో కూడా నాకు తెలియదు తాత్యా."

"అందుకే రేపే రావద్దు. ఒక వారంపాటు సాయంత్రాలు మీ గుమ్మంలో నిలబడి అతని బండి చప్పుడు విను. ఆలస్యమైతే వెళ్ళి నాలుగు తిట్టు. బాగా తిట్టు, లేకపోతే నమ్మడు. తర్వాత రా."