మూడో కప్పు దాకా

మా మేడ మీద ముగ్గురు హబేషా కుర్రాళ్లు ఉంటున్నారు. ఇథియోపియా నుంచి వచ్చి ఇక్కడే, నరసరావుపేటలో, ఇంజనీరింగ్ చదువుతున్నారు. మా ఆవిడ వాళ్లను అద్దెవాళ్లంటుంది. నేను అతిథులంటాను. మా వంశంలో ఇల్లు అద్దెకిచ్చినవాళ్లు లేరు కాబట్టి ఆ మాట నా నోట రాదు.

సెప్టెంబరులో వాళ్లకు కొత్త సంవత్సరం. ముగ్గురిలో పెద్దవాడు కిందికి వచ్చి, మా ఆవిడ దగ్గర నేర్చుకున్న తెలుగులో పిలిచాడు.

“తాతగారూ, మామ్మగారూ, మీరు రావాల. మొదటి కప్పు కాఫీ తాతగారికే.”

మొదటి అన్న మాట విని చాలా కాలమైంది. గురజాల దగ్గర మా ఊళ్లో తిరునాళ్లకు మొదటి తాంబూలం మా ఇంటిదే. భూములు కోర్టుల్లో కరిగిపోయాక అది సర్పంచి బావమరిదికి వెళ్లింది. నేను తిరునాళ్లకు వెళ్లడం మానేశాను. తిరునాళ్లు మాత్రం ఆగలేదు.

జరీ కండువా ఇస్త్రీ చేయించాను.

“కాఫీకి కండువా ఏందండీ?” అంది మా ఆవిడ.

“వాళ్లు పిలిచింది మన వంశాన్ని.”

“పిలిచింది నెరిసిన తలకాయని. ఎవురు పెద్దయితే వాళ్లకే ముందు పోస్తారంట. మీ వయసెంతని నన్ను అడిగిపోయాడు.”

మేడ మీద గదిలో నేలంతా పచ్చగడ్డి పరిచారు. సాంబ్రాణి పొగ. ఒక కుర్రవాడు గింజలు మా ముందే వేయించి, దంచి, పొడుగు మెడ ఉన్న నల్లటి మట్టి కూజాలో మరగబెట్టాడు. పక్కన పళ్లెంలో పేలాలు. పాలు లేవు. మొదటి కప్పు నాకే ఇచ్చారు. చేదును మర్యాదగా మింగాను.

గుంటూరు నుంచి వచ్చిన వాళ్ల స్నేహితుడు మసింకో అనే వాయిద్యం అందుకున్నాడు. గుర్రపు వెంట్రుకలతో చేసిన ఒకే ఒక తీగ, దాని మీద కమాను. వచ్చిన అతిథుల మీద అప్పటికప్పుడు పాట కట్టడం వాళ్ల గాయకుల ఆనవాయితీ అట. మా ముత్తాతగారి వసారాలో భట్రాజులు నిలబడి మా వంశాన్ని పొగిడేవారని విన్నాను. నా వంతు రాగానే నడుము ఇంకొంచెం నిటారుగా పెట్టుకున్నాను.

కుర్రాళ్లంతా పగలబడి నవ్వారు.

“ఏమంటున్నాడు?” అన్నాను.

పెద్ద కుర్రవాడు నసిగాడు. “చెప్పయ్యా, పర్లేదు,” అంది మా ఆవిడ.

“తాతగారు గుంజ పాతినట్టు కూచుంటారంట. ట్రాక్టర్ మీద ఊరేగే వినాయకుడన్నా కాస్త ఊగుతాడు, ఈయన ఊగడంట. మేం తలకి సబ్బు పెట్టుకోంగానే మోటారు ఆపేస్తారంట.”

లేచి నిలబడ్డాను.

“పోవద్దు తాతగారూ. లెక్కలో లేని మనిషి మీద మావాళ్లు పాట కట్టరు,” అన్నాడు. నవ్వు పోయింది అతని మొహంలో. “మూడు కప్పులు తాగాల. మూడోది దీవెన. పెద్దాయన మధ్యలో లేస్తే ఈ ఏడు మాకు దీవెన లేనట్టే. ఎవరు దీవించారని మా అమ్మ ఫోన్లో అడుగుద్ది.”

అడిగినవాళ్లకు లేదనడం మా ఇంట్లో లేదు. భూములు పోవడానికి అది కూడా ఒక కారణం. కూర్చున్నాను.

రెండో కప్పుకి నాట్యం మొదలైంది. ఎస్కిస్టా అంటారట. కాళ్లకు పెద్దగా పని లేదు, ఆటంతా భుజాల్లోనే. ఒకరు ఎదురుగా వచ్చి భుజాలు ఆడిస్తే మనం మన భుజాలతో జవాబు చెప్పాలి. పెద్ద కుర్రవాడు నా ముందుకొచ్చి ఆడించాడు. నేను కండువా సర్దుకున్నాను. కాసేపు చూసి మా ఆవిడ వైపు తిరిగాడు.

ఆవిడ కొంగు బిగించి జవాబు చెప్పింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ భుజాలు అలా కదలగలవని నాకు తెలియదు. మసింకో వెంటనే ఆవిడ మీదికి మళ్లింది.

“నా మీదేం కట్టాడయ్యా?”

“మామ్మగారి భుజాలకి ముసలితనం రాలేదంట.”

“మరి ఈయన భుజాలకో?”

“అవి కండువాకి అద్దెకిచ్చారంట.”

ఆవిడ నవ్వలేక కూలబడింది. నేను నవ్వలేదు. పేలాలు తిన్నాను.

మూడో కప్పు వచ్చింది. కుర్రాళ్లంతా అరచేతులు చాచి తలలు వంచారు. తాంబూలం అందుకోవడమే తెలిసిన చేతులు నావి. ఎత్తి దీవించమని నన్నెవరూ అడిగి ఎరగరు. పెద్ద సంస్కృత ఆశీర్వచనం ఏదైనా గుర్తు చేసుకుందామనుకున్నాను. ఒక్క ముక్క రాలేదు.

“చల్లగా ఉండండి నాయనా. చదువులు పూర్తయి, క్షేమంగా మీ అమ్మల దగ్గరికి చేరండి,” అన్నాను.

“ఆమెన్,” అన్నారు అందరూ. మా ఆవిడ అందరికన్నా గట్టిగా అంది.