జిల్లేడు మొక్క మీద తొమ్మిది పురుగులు

సామర్లకోటలో మేము అద్దెకుంటున్న ఇంటి పెరట్లో, గోడ వారగా, ఎవరూ నాటని జిల్లేడు మొక్క ఒకటి నడుమెత్తు పెరిగింది. బట్టలారేసేటప్పుడు దాని పాలు చీరకు అంటుకుంటున్నాయని, జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే కొడవలి పట్టుకుని వంగాను. ఆకుల మీద పురుగులు కనిపించాయి.

వేలెడు పొడవు కూడా లేవు. ఒంటినిండా నలుపు, తెలుపు అడ్డచారలు, నడుమ పసుపు మచ్చలు, వీపు మీద మూడు జతల నల్లటి కొమ్ములు. ఒకటి ఆకు మధ్య ఈనెను కొరుకుతోంది. తెల్లటి పాలు బొట్లుబొట్లుగా కారిపోయాయి. అవి ఆగాక, ఈనెకు అవతలి భాగాన్ని తాపీగా తినడం మొదలుపెట్టింది. నేను స్కూల్లో చెప్పేది లెక్కలు. పురుగులంటే భయమే తప్ప ఆసక్తి లేదు. అయినా కొడవలి పక్కన పెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది.

ఫోటో తీసి, కాకినాడలో జువాలజీ చదువుతున్న మా అమ్మాయికి పంపాను. వెంటనే ఫోన్ చేసింది.

"అమ్మా, నరికేయకు! అది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక పిల్ల. అమెరికాలో మోనార్క్ అని ఉంటుంది కదా, వేల మైళ్లు వలస పోతుంది, దానికి ఇది చుట్టం. ఆ మోనార్క్ పురుగుకి కొమ్ములు రెండు జతలే. మనదానికి మూడు."

"జిల్లేడు పాలు విషం కదే, వీటికేం కాదా?"

"ఆ విషాన్నే ఒంట్లో దాచుకుంటాయమ్మా. పిట్ట ఒకసారి నోట్లో పెట్టుకుందంటే మళ్లీ ఆ రంగు జోలికి రాదు. మోనార్క్ కూడా అంతే."

ఆ రోజు నుంచి నా పొద్దుటి కాఫీ పెరట్లోకి మారింది.

ముందు వాటాలో ఇంటి యజమానులు ఉంటారు, డెబ్భై దాటిన దంపతులు. ఆవిణ్ణి మామ్మగారనే పిలుస్తాను. నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం ఆవిడ చిన్న బుట్టతో పెరట్లోకి వచ్చారు.

"టీచరుగారూ, రేపు రథసప్తమండి. నెత్తిన పెట్టుకుని స్నానం చెయ్యడానికి జిల్లేడాకులు కావాలి. నాకేడు, తాతగారికేడు."

మాది క్రైస్తవ కుటుంబం. ఆ స్నానం సంగతి నేను వినడమే గాని చూసింది లేదు. ఇల్లు ఆవిడది, మొక్కా ఆవిడదే. కాదనడానికి నేనెవరిని? ఒక ఆకు పైకెత్తి చూపించాను.

"అయ్యబాబోయ్! ఏంటండీ, పురుగుల్ని పెంచుతున్నారా?"

అమ్మాయి చెప్పిందంతా చెప్పాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"వీటి నోటి దగ్గర కూడు లాక్కుని నేను పుణ్యం మూటగట్టుకోవాలా? పదండి, కాలవ గట్టుకి పోదాం. అక్కడ బోలెడు మొక్కలున్నాయి."

నా స్కూటీ మీద వెళ్లాం. ఆవిడ ఆకు తుంచే ముందు తిరగేసి చూస్తున్నారు. ఒకదాని అడుగున గుండుసూది తలంత తెల్ల గుడ్డు కనిపిస్తే, "ఇది వద్దులెండి" అని వదిలేశారు. పద్నాలుగు ఆకులు దొరికేసరికి చీకటి పడబోతోంది. మర్నాడు పొద్దున్న చిక్కుడాకులో పరమాన్నం పెట్టి నాకిచ్చారు. వేడివేడిగా, బెల్లం వాసనతో, ఎంతో బాగుంది.

తర్వాత వారంలో పురుగులు ఒక్కొక్కటే మొక్క దిగిపోయాయి. ఎటు పోయాయో తెలియలేదు. ఒక్కటి మాత్రం వీధి గేటు ఎడమ రెక్కకు, లోపలి వైపు, తలకిందులుగా వేలాడి గూడుగా మారింది. లేతాకుపచ్చ రంగు, మీద బంగారు చుక్కలు. మామ్మగారు ఆ రెక్కకు గడియ బిగించి, ఎర్రగుడ్డ కట్టి, వచ్చిన వాళ్లనల్లా రెండో రెక్క నుంచే రమ్మన్నారు. గ్యాస్ బండ తెచ్చినతను విసుక్కున్నాడు.

"ఇరుకుగా ఉందండి, రెండోదీ తీయండి."

"ఆయ్, అక్కడ పురుడు జరుగుతుందండి. కాస్త ఒద్దికగా రండి" అన్నారు ఆవిడ.

అతను ఆ గూడును చూసి నవ్వేసి, బండను భుజానికెత్తుకుని పక్కవాటంగా లోపలికి వచ్చాడు.

పదో రోజు పొద్దున్న నేను జడ వేసుకుంటుండగా కేక వినిపించింది. "టీచరుగారూ, పరిగెత్తుకు రండి!" వెళ్లేసరికి గూడు పగిలి ఉంది. దాన్నే పట్టుకుని తడి గుడ్డపేలికలా ముడుచుకున్న రెక్కలతో ఒక ప్రాణి వేలాడుతోంది. చూస్తుండగానే ఆ రెక్కలు మెల్లగా సాగాయి. నారింజ రంగు, ముందు రెక్కల కొసలు నలుపు, ఆ నలుపులో తెల్లటి పట్టీ, అంచుల వెంట సన్నటి తెల్లచుక్కలు. అమ్మాయికి వీడియో కాల్ చేశాను. వెనక రెక్క మీద నల్లచుక్కలు నాలుగుంటే మగది, మూడుంటే ఆడది అంది. మామ్మగారు ముఖం దగ్గరగా పెట్టి లెక్కపెట్టారు.

"నాలుగండి. అబ్బాయి!"

అది ఎండలో రెక్కలు తెరిచి, మూసి, చాలాసేపటికి గోడ దాటి పోయింది.

స్కూలుకు బాగా ఆలస్యంగా చేరాను. కారణమేంటని హెడ్మాస్టరుగారు అడిగారు. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"సీతాకోకచిలుక రెక్కలు ఆరేదాకా ఉండిపోయానండి."

ఆయన నా ముఖంలోకి చూశారు. కోప్పడతారనుకున్నాను.

"ఎగిరిందాండీ?"

"ఎగిరిందండి."

"సరే, ఏడో తరగతి వాళ్లు గోల చేస్తున్నారు, వెళ్లండి" అన్నారు.