సేటు గోడ ముందు మా వాకిలి

మమ్మల్ని అడగలేదని నేను ఎప్పుడూ అనను. అడిగారు. బడి వరండాలో చాపలు పరిచి, కూర్చోబెట్టి, మర్యాదగానే అడిగారు. ఏం అడిగారన్నదే నా గొడవ.

ఆదోనిలో మా సందులో దాదాపు అందరూ పత్తి ఫ్యాక్టరీ కూలికి పోయేవాళ్ళే. సందు మొదట్లో మాత్రం నాలుగు సాయిబుల ఇళ్ళు, వాళ్ళది గాజుల బేరం. నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఐదో తరగతి దాకా చదివాను కాబట్టి సందు ఆడవాళ్ళలో చదవడం వచ్చింది నాకొక్కదానికే. అవి యాభైల నాటి రోజులు. ఊళ్ళో కొత్తగా నీళ్ళ పైపులు పడుతున్నాయి. పెద్ద రోడ్డు దాకా సర్కారువాళ్ళే వేస్తారట. అక్కడి నుంచి సందులోకి రావాలంటే సందు జనం కూడా తమ వంతు ఇవ్వాలట.

మా పేట నీళ్ళ కమిటీ పెద్ద ఎంత మెత్తగా మాట్లాడేవాడంటే, వింటుంటే నిద్ర వచ్చేది. "సర్కారుది ఒక సెయ్యి, మీది ఒక సెయ్యి. మీరేం ఇస్తారో మీరే సెప్పండప్పా" అన్నాడు.

"దుడ్లు యాడ తెచ్చేది? సేతులుండాయి, పైపుకు కాలవ తవ్వుతాం" అంది మా అత్త. అందరూ సరేనన్నారు. వేలిముద్రలకు కాగితం తిప్పారు. నా దగ్గరికి వచ్చినప్పుడు చదివాను. సందు ప్రజలు సంతోషంగా శ్రమదానం చేయుటకు ఒప్పుకొన్నారని ఉంది. కుళాయి ఎక్కడ పెడతారో ఒక్క ముక్క లేదు. అది నేను చూశాను. చూసి కూడా, అంతమంది మగవాళ్ళ ముందు కోడలిపిల్ల నోరు విప్పితే ఏమనుకుంటారో అని సంతకం పెట్టాను. అందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

కుళాయి మాకు సోకు కాదు. నీళ్ళకు మెట్లబావికి పోవాలి. అంతకు ముందు ఎండాకాలం నిండు బిందెతో ఎక్కుతూ పైనుంచి మూడో మెట్టు మీద జారాను. ఐదు నెలల కడుపు పోయింది. మా అత్తకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు బావిని తిట్టింది, మెట్లు కట్టినవాణ్ణి తిట్టింది, నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మళ్ళీ నాకు నాలుగో నెల. నన్ను బావి వైపు పోనివ్వకుండా, మోకాళ్ళ నొప్పులతో నా వంతు నీళ్ళు కూడా తనే మోసేది. "మే, ఈసారి నువ్వు ఆ మెట్లు దిగితే నేను మనిషినే కాదు" అనేది. తనకు ఇంకెన్నాళ్ళు ఓపిక ఉంటుందని నాకు లోపల ఒకటే భయం.

నాలుగు ఆదివారాలు తవ్వాం. ఇక్కడే మా తెలివి బయటపడింది. మాలో ఎవరి వాకిలి వాళ్ళదే. తెల్లవారి కసువు చిమ్మి కళ్ళాపి చల్లితే ఒక్క చుక్క పక్కవాళ్ళ గీత దాటకూడదు. పొరపాటున పక్క వాకిలి చిమ్మితే, మా ఇంట్లో ఆడది లేదనుకున్నావా అని ఆ పూటంతా రచ్చ. కాలవ కూడా అట్లాగే తవ్వాం, ఎవరి గడప ముందు వాళ్ళు. నడుము లోతు, గోడకు గీసినంత తిన్నగా. చూసుకుని మురిసిపోయాం. చివరికి సాయిబుల ఇళ్ళలోని గాజులామె సందు మొదట్లో నిలబడి నింపాదిగా అంది, "అక్కా, మన కాలవ యాడికీ పోలేదే."

నిజమే. సందు మొదటి నుంచి పెద్ద రోడ్డు దాకా నలభై బారల దూరం పత్తి సేటు కాంపౌండు గోడ. అది ఎవరి వాకిలీ కాదు కాబట్టి ఎవరూ గడ్డపార వేయలేదు.

మరుసటి శనివారం కమిటీ పెద్ద వచ్చి చల్లగా చెప్పాడు. సేటు రొక్కం ఇచ్చాడట, అందుకని కుళాయి ఆయన గేటు లోపల పెడతారట. పొద్దున ఒక గంట గేటు తీసి ఉంచుతారట, అందరూ పట్టుకోవచ్చట. ఆ గంటకు మా సందంతా ఫ్యాక్టరీలో ఉంటుంది. అంటే మాకు మళ్ళీ మెట్లబావే.

"మరి మా కాలవ?" అంది మా అత్త.

"గోడ ముందర తవ్వితే సేటు ఊరుకోడమ్మా. అది ఆయన వాకిలి. అయినా ఒప్పుకొనే గదా మీరు ఏలిముద్ర ఏసింది? సోమవారం పైనుంచి ఆఫీసరు వస్తాండాడు, జనం ఎట్ల సహకరించినారో సూసేకి. మంచిగా మాట్లాడండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అత్త మాత్రం వేరే ఆలోచనలో పడింది. "ఆయన వాకిలా" అని రెండుసార్లు అనుకుంది.

ఆదివారం పొద్దున్నే బావి నుంచి నాలుగు బిందెలు మోసింది. పేడ కలిపింది. పొరక తీసుకుని సేటు గోడ ముందు నలభై బారలూ చిమ్మి, కళ్ళాపి చల్లింది. ముగ్గుపిండి నా చేతిలో పెట్టి వెయ్యమంది. గేటు కాపలావాడు అరిచాడు. సేటు పంచె ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు.

"ఏమమ్మా, నా గోడ ముందర ఏం సేస్తాండావు?"

"గోడ నీదే సేటూ. ఈ నేల నీ వాకిలి అని సెప్పినారు. యానాడైనా సిమ్మినావా? నీ ఇంట్లో ఎవురైనా ఒక్క సుక్క సల్లినారా? ఇయ్యాల్టి నుంచి నేను సిమ్ముతా. ఇది నా వాకిలి."

సేటు ముగ్గును చూశాడు, నన్ను చూశాడు. ముగ్గు తొక్కడానికి కాలు రాలేదు. "మీరు మీరు సూసుకోండి" అని లోపలికి పోయాడు.

అప్పటికి సందు జనమంతా వచ్చి నిలబడ్డారు. గాజులామె ఇంట్లో ముగ్గులు వెయ్యరు, కానీ మొదటి గడ్డపార తెచ్చింది ఆమే. "అక్కా, నీ వాకిట్లో తవ్వమంటావా?" అని అడిగింది.

"తవ్వు" అంది మా అత్త.

పొద్దు గూకే లోపల కాలవ రోడ్డును కలిసింది.

సోమవారం కూలి పోగొట్టుకుని అందరం సందులోనే ఉన్నాం. ఆఫీసరు మంచివాడిలాగే ఉన్నాడు. కమిటీ పెద్ద చెబుతుంటే పుస్తకంలో రాసుకుంటున్నాడు. నేను పక్కకు జరిగి చదివాను. ప్రజలు సంతోషంగా సహకరించారు, కుళాయి స్థలం విషయమై ఎవరికీ అభ్యంతరం లేదు. మళ్ళీ అదే కాగితం. ఈసారి ఊరుకోలేదు.

"సారూ, మీరు రాసింది అబద్ధం" అన్నాను. "మీరేం ఇస్తారని అడిగినారు. మీకేం కావల్లని ఎవురూ అడగల్యా. కుళాయి యాడ పెట్టల్లో ఎవురూ అడగల్యా. ఆ మాట రాయండి."

"కడుపుతో ఉండే పిల్ల సారూ, ఎండకు ఏందో అంటాంది" అన్నాడు కమిటీ పెద్ద.

"కడుపుతో ఉండాను గాబట్టే అంటాండా" అన్నాను.

మా అత్త అట్లా నోరు తెరిచి నన్ను చూడడం అదే మొదటిసారి. ఆఫీసరు లేచి, కాలవ వెంట రోడ్డు దాకా నడిచి తిరిగొచ్చాడు. రాసింది కొట్టేశాడు. కొత్తగా రాసి పుస్తకం నాకిచ్చాడు. నేను పైకి చదివాను. కుళాయి సందు మధ్యలో పెట్టవలెనని ప్రజలు కోరుచున్నారు. రెండోసారి కూడా చదివించుకుని, అప్పుడు వేశారు మావాళ్ళు వేలిముద్రలు.

ఇప్పటికీ రోడ్డనో వంతెననో ప్రజల అభిప్రాయమంటూ ఎవరైనా కాగితం తెస్తే నేను చూసేది ఒకటే. ఏం ఇస్తారని అడుగుతున్నారా, ఏం కావాలని అడుగుతున్నారా. మొదటిదొక్కటే ఉంటే ఆ కాగితం నా దగ్గర చెల్లదు.

సందు మధ్యలోకి కుళాయి వచ్చేసరికి నాకు ఎనిమిదో నెల. మొదటి బిందె మా అత్త పట్టింది. ఇంట్లోకి తెస్తుందనుకున్నాను. తలమీద పెట్టుకుని మెట్లబావి వైపు నడిచింది. నేను వెనకే పోతే, పైనే ఉండమని చేత్తో ఆపింది. మోకాళ్ళు పట్టుకుంటూ దిగి, ఆ మూడో మెట్టు మీద బిందె నీళ్ళూ కుమ్మరించింది.

"నా కోడలు ఇంక నీ మెట్లు దిగదు" అంది మెట్టుతో.

ఖాళీ బిందె చంకన పెట్టుకుని, మళ్ళీ నింపుకోవడానికి కుళాయి దగ్గరికి నడిచింది.