రాధారాణి గారి ముక్కు

అమెరికాలోని షాంటిలీలో పాతికేళ్ళ కిందట కాపురం పెట్టిన తెలుగువాళ్ళలో రాధారాణి ముక్కును ఎరగనివాళ్ళు లేరు. నెయ్యి సీసా మూత తీస్తే చాలు, కాచి ఎన్నాళ్ళయిందో చెప్పేసేది. ఇండియన్ స్టోర్‌లో కొత్త రకం ఇంగువ వస్తే ఆడవాళ్ళు ముందు ఆమె చేతికిచ్చేవారు. ఆమె పెదవి విరిచిందా, ఆ డబ్బా మళ్ళీ షెల్ఫ్ ఎక్కాల్సిందే. ఇక భర్త రవికాంత్ ఊరుకుంటాడా? "ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగులు వాసన చూసే ఉద్యోగముంది, నీకు అప్లై చేయనా?" అని పదిమందిలో ఏడిపించేవాడు. ఆమె మూతి ముడుచుకునేది గానీ లోలోపల మురిసిపోయేది.

అంతటి ముక్కూ ఒక్క జ్వరంతో మూగబోయింది. ఆ మాయదారి జ్వరం మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఒకే వారంలో వచ్చింది. రవికాంత్ ఆస్పత్రికి వెళ్ళి తిరిగి రాలేదు. రాధారాణి కోలుకుంది, వాసన మాత్రం పోయింది. కాఫీ ఉత్త వేడినీళ్ళయిపోయింది. పోపు వేస్తే చిటపటలు వినిపించేవి, అంతే.

ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది స్వెటర్ ఒక్కటే. జ్వరం వచ్చిన వారమంతా రవికాంత్ వేసుకున్న నీలం స్వెటర్ అది. ఉతకలేదు. దాంట్లో ముఖం దాచుకుంటే ఉన్ని గుచ్చుకుంది తప్ప ఆయన జాడ లేదు. అసలు దానికి వాసన ఉందో లేదో కూడా ఆమెకు తెలియదు. ఉంటే ఎన్నాళ్ళుంటుంది?

కూతురు కావ్యశ్రీని అడిగింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, కెమిస్ట్రీ చదివింది.

"ఏ స్మెల్ అయినా గాలిలోకి పోతూనే ఉంటది అమ్మా. వేడిగా ఉంటే ఫాస్ట్‌గా, చల్లగా ఉంటే స్లోగా. ల్యాబ్‌లో మేం శాంపిల్స్ ఫ్రీజర్‌లో పెడతాం."

ఆ పూటే స్వెటర్ రెండు జిప్ బ్యాగుల్లోకీ, అక్కణ్ణించి ఫ్రీజర్‌లోకీ చేరింది, మునక్కాయ ముక్కలకూ కొబ్బరి కోరుకూ మధ్య. తన ముక్కు ముందు తిరిగొస్తుందా, స్వెటర్ వాసన ముందు వెళ్ళిపోతుందా అన్న దిగులు మాత్రం రాధారాణిని వదల్లేదు.

ఇంతకీ కావ్యశ్రీది గంజాయి ల్యాబ్. వైద్యానికి అమ్మే గంజాయిలో ఏయే సువాసన పదార్థాలు ఎంతెంత ఉన్నాయో కొలవడం ఆమె పని. ఆ మాట చెప్పుకోలేక రాధారాణి గుడిలో అందరితో "ఫుడ్ టెస్టింగ్" అని నెట్టుకొచ్చేది. అలాంటిది, ముక్కుకు రోజూ వాసనలు అలవాటు చేయమని డాక్టర్ చెప్పగానే ఆ పిల్ల చిన్న చిన్న సీసాలు తెచ్చి బల్ల మీద పేర్చింది.

"ఆ గంజాయి నా ఇంట్లోకి తేకే తల్లీ."

"గంజాయి కాదమ్మా, సబ్బులు చేసేవాళ్ళు కొనేవే. ఇది లెమన్ తొక్కలో ఉంటది, ఇది లవంగంలో, మిరియంలో. ఇది పైన్ చెట్లలో. అవే గంజాయిలో కూడా ఉంటయ్."

"వీటితో మత్తొస్తుందా?"

"రాదు. ఒకటి నిద్ర తెప్పిస్తదంటారు, ఒకటి కంగారు తగ్గిస్తదంటారు. మనుషుల్లో గట్టి ప్రూఫ్ ఇంకా లేదు. ఎంత ఉందో నేను కొలుస్తా, ఏం చేస్తదో నాకు తెలీదు."

"అంటారు, అంటారు అని చెప్పడానికా నీకంత చదువు?"

గొణుగుతూనే మొదలుపెట్టింది. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, ఆ సీసాల ముందు కూర్చునేది. నిమ్మ లేదు, లవంగం లేదు. నెలల తరబడి లేదు. ఒక్కోరోజు సీసాలన్నీ సింక్‌లో పారబోద్దామన్నంత ఉక్రోషం వచ్చేది.

చలి మొదలైన ఒక ఆదివారం, పైన్ సీసా దగ్గర ఆమె చెయ్యి ఆగింది. మళ్ళీ పీల్చింది. కళ్ళు మూసుకుంది.

"మీ నాన్న చెట్టే ఇది" అంది.

"ఏ చెట్టు?"

కావ్యశ్రీ పుట్టకముందు మాట. అమెరికా వచ్చిన మొదటి జనవరిలో, మంచు పడుతుంటే రవికాంత్ ఒక చెట్టును ఈడ్చుకుంటూ అపార్ట్‌మెంట్‌కు తెచ్చాడు. ఎవరో నిక్షేపంలాంటి చెట్టును చెత్తకుండీ పక్కన పడేశారని ఆయన బాధ. క్రిస్మస్ అయిపోతే చెట్లు పారేస్తారని ఇద్దరికీ తెలియదు. బకెట్‌లో నిలబెట్టి రోజూ చెంబెడు నీళ్ళు పోశారు. రాధారాణి మొదలుకు బొట్టు కూడా పెట్టింది. వేళ్ళొస్తాయని ఎదురుచూస్తుంటే ఆకులు రాలడం మొదలైంది, కార్పెట్ నిండా, పరుపు మీద, ఒకసారి పప్పులో కూడా. అయినా పారేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఆ చలికాలమంతా ఇల్లు ఇదే వాసన. చేతిలో డబ్బుల్లేవు, మాట్లాడే మనిషి లేడు. అయినా ఎంత సుఖంగా ఉన్నామో అనుకుంటే ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

చెప్పడం ముగిసిందో లేదో లేచి ఫ్రీజర్ తెరిచింది.

"వెయిట్ చెయ్ అమ్మా. చల్లగా ఉంటే స్మెల్ బయటికి రాదు" అంది కావ్యశ్రీ.

రాధారాణి ఆ చల్లటి స్వెటర్‌ను అలాగే తొడుక్కుంది. దాని చేతులు ఆమె వేళ్ళ దాకా జారాయి. వణుకుతూ కూర్చుంది. ఉన్ని ఒంటికి వెచ్చబడ్డాక మెడ వంచి కాలర్‌లో ముక్కు పెట్టింది. చాలా సన్నగా, ఆయన తలకు రాసుకునే కొబ్బరినూనె. దాని అడుగున ఆయన.

కాసేపటికి తలెత్తి, "నువ్వూ చూడవే" అంది.

కావ్యశ్రీ వెనక్కి జరిగింది. "వద్దు. తెరిచినప్పుడల్లా కొంచెం పోతది."

"ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా చూడలేదా? నీ ముక్కు బాగానే ఉందిగా."

"లేదు. నీకు మిగలాలి కదా."

నాన్న కోసం ఈ పిల్ల ఏడ్చిందో లేదో కూడా ఇన్నాళ్ళూ రాధారాణి అడగలేదు. కూతురి తల పట్టుకుని తన భుజానికి, ఆ స్వెటర్‌కు గట్టిగా అదుముకుంది.

"పోతే పోనీ, పీల్చు" అంది.